ఇవ్వడం మానెయ్యమని చెప్పను తమ్ముడూ, ఎంతవరకు అన్నది మాత్రం ముందు తేల్చుకో

ఒడిశాలోని గుణుపూర్ నుంచి ఒక తమ్ముడు పెద్ద ఉత్తరం రాశాడు. ఊరివాళ్ళు గుర్తుపట్టే వివరాలు తీసేసి ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇక్కడ పెడుతున్నా.

"అక్కా, మాది ఆసుపత్రి దగ్గర చిన్న మెడికల్ షాపు, నాన్న పెట్టింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి వంశధార పొంగినప్పుడు షాపులో మిగిలిన మందులన్నీ డబ్బులు అడగకుండా ఇచ్చేశాను. ఆ తర్వాత కొండ ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా అరువు ఇవ్వడం అలవాటైపోయింది. బరంపురం తీసుకెళ్ళాలన్నా, విశాఖ తీసుకెళ్ళాలన్నా షాపు మూసేసి నేనే వెళ్తాను. రక్తం కావాలని ఫోన్ వస్తే అర్ధరాత్రి అయినా లేస్తాను. ఇప్పుడు ఖాతా పుస్తకంలో రావాల్సింది 1,86,000. స్టాకిస్టుకి కట్టడానికి లేక మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. పాప వచ్చే ఏడు ప్లస్ టూకి వెళ్ళాలి. ఇంతలో మేనమామ కొడుకు, వరసకి బావ, వ్యాన్ కొనడానికి 7 లక్షల లోనుకి నన్ను గ్యారంటీ సంతకం పెట్టమంటున్నాడు. మా ఆవిడ వారం రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. లేదు అంటే నాకు పాపం చేసినట్టు ఉంటుంది అక్కా. మా నాన్న ఎవరికీ లేదనలేదు, ఆయన పోయినప్పుడు ఊరంతా వచ్చింది. నేను మారాలా?"

తమ్ముడూ, ముందు ఒక మాట. నీ చుట్టూ ఉన్నవాళ్ళు తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని సామెత చెప్పి నిన్ను వెక్కిరిస్తుంటారు కదా, నేను ఆ లైనులో మాట్లాడను. తిత్లీ రోజుల్లో నువ్వు చేసింది నూటికి నూరుపాళ్ళు మంచి పని. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, మన గుణుపూర్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి, రోడ్లు లేవు, కరెంటు లేదు, అలాంటప్పుడు మందు చేతిలో ఉన్నవాడు బిల్లు రాస్తూ కూర్చోకూడదు, నువ్వు కూర్చోలేదు. దానికి ఎప్పుడూ సిగ్గుపడొద్దు, నష్టం అని కూడా అనుకోకు. కానీ తుఫాను వెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి, నీ షాపులో మాత్రం తుఫాను లెక్కే ఇంకా నడుస్తోంది. నేను మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క విషయం గురించే.

నువ్వు ఉత్తరంతో పాటు ఖాతా పుస్తకంలో ఒక పేజీ ఫోటో పంపావు, దాన్ని చాలాసేపు చూశాను. పై నుంచి మూడో లైను, మనిషి పేరు లేదు, ఊరి పేరు ఒక్కటే ఉంది, పక్కన "ముసలాయన, గొడుగు" అని రాసుకున్నావ్, 340 రూపాయలు, చివర "దసరాకి ఇస్తాడు" అని. ఏ దసరాకో లేదు. దాని కింద లైనులో జ్వరం సిరప్, ఆ కింద బలం టానిక్ రెండు సీసాలు, ఆ కింద పాలపొడి డబ్బా, తర్వాత నడుం నొప్పి నూనె, మళ్ళీ టానిక్. ఇవన్నీ ఒకే రకం అవసరాలు కాదు కదా తమ్ముడూ. సిరప్ అవసరం, టానిక్ ఎవరో చెప్తే అడిగారు, నువ్వు కాదనలేక ఇచ్చావ్. ఆ పేజీలో నాకు కనిపించినంత వరకు సగానికి పైన డబ్బు దయకి పోలేదు, మొహమాటానికి పోయింది. ఈ మాట నీకు కొంచెం గుచ్చుకుంటుందని తెలుసు, కానీ ఈ రెండూ విడదీసి చూడకపోతే నువ్వు ఈ సుడిలోంచి బయటికి రాలేవు.

ఇంకో సంగతి. నువ్వు ఇస్తున్నది ఎవరి డబ్బు? షాపులో ర్యాకుల మీద ఉన్న సరుకులో చాలా భాగం స్టాకిస్టు అరువు మీద ఇచ్చింది, డబ్బు కట్టేదాకా అది నీ సొంతం అని ధీమాగా అనుకోలేం. గాజులు మా మరదలివి, ఆమె పుట్టింటివాళ్ళు పెట్టినవి అని నువ్వే రాశావు. పాప చదువు డబ్బు పాపది. అంటే ముగ్గురి జేబుల్లోంచి తీసి నాలుగో మనిషికి ఇస్తున్నావ్, పేరు మాత్రం నీకు వస్తోంది. మరదలు వారం రోజులు మాట్లాడకపోవడం మొండితనం అని నాకైతే అనిపించలేదు, ఆమెని ఎవరూ ఒక్కమాట అడగలేదు, అంతే.

మీ నాన్నగారి విషయం కూడా చెప్పాలి, ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఆయన పోయినప్పుడు ఊరంతా వచ్చిందని ఒకచోట రాశావ్. ఉత్తరం చివర్లో, వేరే ఏదో చెప్తూ, ఆ మరుసటి ఏడాదే అమ్మ ఏటి పక్క అర ఎకరం అమ్మి అప్పులు తీర్చిందని కూడా రాశావ్. రెండూ ఒకే మనిషి గురించే, కానీ నువ్వు మొదటిదే గుండెకి పట్టించుకున్నావ్, రెండోది ఏదో లెక్కలాగ చెప్పి దాటేశావ్. ఆయన మంచితనంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆయన మంచితనం బిల్లు అమ్మ కట్టింది. అమ్మ ఇప్పుడు నీ దగ్గరే ఉందంటున్నావ్ కదా, ఒకసారి కూర్చుని ఆ భూమి అమ్మిన రోజు సంగతి అడుగు. సలహా కోసం కాదు, ఊరికే విను.

నువ్వు రక్తం ఇస్తావు కదా, అక్కడ నీకే తెలిసిన పద్ధతి ఒకటి ఉంది, దాన్ని చూద్దాం. నువ్వు ఎంత ఉత్సాహంగా వెళ్ళినా బ్లడ్ బ్యాంకులో ముందు నిన్ను బరువు చూస్తారు, 45 కిలోలు లేకపోతే తీసుకోరు, 350 మిల్లీలీటర్లకి అది చాలు, 450 తియ్యాలంటే 55 కిలోలు ఉండాలి. వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు, 12.5 లేకపోతే ఇంటికి పంపిస్తారు. మగవాళ్ళు ఒకసారి ఇచ్చాక 90 రోజులు ఆగాలి, ఆడవాళ్ళు 120 రోజులు. 65 దాటితే వద్దంటారు. బయట సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్న పిల్లాడి తల్లి ఏడుస్తున్నా సరే, 60 రోజుల క్రితం ఇచ్చినవాడి దగ్గర మళ్ళీ తియ్యరు, ఇంకొకర్ని పిలుస్తారు. బ్లడ్ బ్యాంకు వాళ్ళు కఠినాత్ములని నువ్వు ఎప్పుడైనా అనుకున్నావా? అనుకోలేదు, ఎందుకంటే ఆ 90 రోజుల రూలు ఉండబట్టే నువ్వు ఇన్నేళ్ళుగా ఇవ్వగలుగుతున్నావ్, లేకపోతే మొదటి ఏడాదే మంచం ఎక్కేవాడివి. ఒంట్లో రక్తానికి ఒప్పుకున్న రూలు షాపులో డబ్బుకి ఎందుకు ఒప్పుకోవు? ఇంకా గమనించు, ఆ రూలు నీ మంచితనాన్ని అడగదు, నీ మూడ్‌ని అడగదు, ముందే రాసి గోడకి అంటించి ఉంటుంది, అందుకే అక్కడ కాదన్నా ఎవరికీ అవమానం అనిపించదు. నీకు అలాంటిదే కావాలి, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నప్పుడు అప్పటికప్పుడు ఆలోచించే పని ఉండకూడదు, అప్పుడు నువ్వు ప్రతిసారీ ఓడిపోతావ్, నీలాంటి మెత్తని మనసున్న ఎవరైనా ఓడిపోతారు.

కాబట్టి మరదలు, నువ్వు ఒక రాత్రి కూర్చోండి. షాపు అద్దె, కరెంటు, స్టాకిస్టుకి కట్టాల్సింది, ఇంటి ఖర్చు, పాప చదువుకి పక్కన పెట్టేది, గాజుల మీద నెలనెలా కట్టాల్సింది, ఇవన్నీ తీసేశాక ఎంత మిగులుతుందో కాగితం మీద వెయ్యండి. అందులోంచి ఒక మొత్తం ఇద్దరూ ఒప్పుకుని ఇవ్వడానికని వేరే డబ్బాలో పెట్టండి. అది 1,500 అయితే 1,500, 800 అయితే 800. ఆ డబ్బాలోంచి ఇచ్చేది అప్పు కాదు, పుస్తకంలో రాయొద్దు, దసరాకి ఇస్తాడా ఉగాదికి ఇస్తాడా అని ఎదురుచూడొద్దు, ఇచ్చేశావ్ అంతే. అప్పని ఇచ్చి తర్వాత ఆ మనిషి బజార్లో కనిపిస్తే నువ్వు మొహం తిప్పుకోవడం, నిన్ను చూసి అతను వేరే సందులోంచి పోవడం, ఇదంతా ఎందుకు? ఇప్పుడు నీకు బాకీ ఉన్నవాళ్ళు సిగ్గుతో నీ షాపుకి రావడం మానేసి మందు లేకుండా ఉండిపోతున్నారేమో కూడా ఆలోచించు, కొండమీద వాళ్ళు బాకీ అంటే చాలా పట్టించుకుంటారు, ఆ సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

20వ తారీఖుకే డబ్బా ఖాళీ అయిపోతే? 22న ఒకామె జ్వరం పిల్లని ఎత్తుకుని వస్తే? నీ మనసు సరిగ్గా ఇక్కడే ఆగుతుందని తెలుసు కాబట్టి దీని దగ్గర కొంచెం నిలబడతాను. ఆమెని ఖాళీ చేతులతో పంపమని నేను అనను. కానీ నీ షాపుకి నాలుగడుగుల దూరంలో సర్కారు ఆసుపత్రి ఉంది, ఒడిశాలో 2015 నుంచి నిరామయ అనే పథకం కింద సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తున్నారు, ఆ కౌంటర్ ఎక్కడుందో, చీటీ ఎక్కడ రాయించుకోవాలో ఆమెకి తెలియదు, నీకు తెలుసు. ఆమెతో ఆ గుమ్మం దాకా నడిచి, ఆమె భాషలో చెప్పి, లైనులో నిలబెట్టి రా. ఐదు నిమిషాలు పడుతుంది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఒక్కోరోజు అక్కడ మందు స్టాకు ఉండదు, నిజమే, అలా లేదని రాసిచ్చిన చీటీ తెచ్చినవాళ్ళకే నీ డబ్బా వాడు, డబ్బా 20వ తారీఖుకి ఖాళీ అవ్వదు అప్పుడు. ఇంకోటి, యాంటీబయాటిక్ అయితే "ఇప్పటికి ఈ నాలుగు మాత్రలు తీసుకెళ్ళు" అని సగం కోర్సు చేతిలో పెట్టకు, ఇస్తే మొత్తం ఇవ్వు, లేదంటే ఆసుపత్రికే పంపు, దయతో ఇచ్చిన సగం కోర్సు మనిషికి చేటు చేస్తుంది. ప్రాణం మీదకి వచ్చిందంటే 108కి ఫోన్ చెయ్యి, గర్భిణీ అయితే 102, అక్కడ డబ్బా లెక్క చూడక్కర్లేదు.

సికిల్ సెల్ పిల్లల సంగతి వేరేగా చెప్తాను ఎందుకంటే నువ్వు పంపిన పేజీలో ఆ జబ్బుకి వాడే హైడ్రాక్సీయూరియా చాలాసార్లు కనిపించింది. అది ఒకరోజు వేసి మానేసే మందు కాదు, రోజూ, ఏళ్ళ తరబడి, మధ్యమధ్యలో రక్తపరీక్ష చూసుకుంటూ వెయ్యాలి. అలాంటి మందు నీ మంచితనం మీద ఆధారపడి ఉండటం ఆ పిల్లలకే ప్రమాదం. నీ షాపు మూతపడితే, లేదా నువ్వు ఎవర్నో తీసుకుని విశాఖ వెళ్ళిన వారం, ఆ పిల్లాడి మందు ఆగిపోతుంది. 2023 జులై 1న దేశమంతటికీ సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టారు, అది మనలాంటి గిరిజన జిల్లాల కోసమే కదా. ఆ పిల్లల్ని సర్కారు ఆసుపత్రిలో నమోదు చేయించి కార్డు ఇప్పించు, ఊరి ఆశా దీదీకి పేరు చెప్పు. నువ్వు అరువిచ్చే ఒక్కో స్ట్రిప్ కంటే ఆ కార్డు ఆ ఇంటికి వంద రెట్లు పనికొస్తుంది.

బరంపురం, విశాఖ తోడు వెళ్ళడం కూడా తగ్గించు. గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కి రోగితో విశాఖ వెళ్తే ఆ రోజు షాపు లేదు, మర్నాడు లేదు, ఆ రెండు రోజులు నీ మీద ఆధారపడ్డ మిగతావాళ్ళ సంగతేంటి? వెళ్ళేవాళ్ళకి కావాల్సింది చాలాసార్లు నువ్వు కాదు, సమాచారం. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ కార్డు కూడా వచ్చింది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, ఇంట్లో ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు అదనం, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో వైద్యానికి. కార్డు ఉందా, వెళ్తున్న ఆసుపత్రి జాబితాలో ఉందా, ఆధార్ పట్టుకున్నారా, పాత రిపోర్టులు పెట్టుకున్నారా, ఈ నాలుగూ చూసి పంపిస్తే సగం కష్టం అక్కడే తీరిపోతుంది. బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రి అయితే ఏ వార్డుకి వెళ్ళాలో కాగితం మీద ఒడియాలో రాసివ్వు, దారిలో ఎవరికైనా చూపించుకుంటారు.

మన పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండేవారు, 1880లో రాజావారి స్కూల్లో చేరినప్పుడు ఆయన జీతం నెలకి 30 రూపాయలు. ఆ జీతంతో ఇక్కడి కొండల్లోని సవర గిరిజనులందరి అప్పులూ తీర్చాలని ఆయన కూర్చుని ఉంటే ఏం జరిగేదో ఊహించుకో. ఆయన వాళ్ళ భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, వాళ్ళ పిల్లలకి చదువు చెప్పారు, తన చేతిలో ఉన్న విద్య ఏదో అది ఇచ్చారు. నీకు సవర వచ్చు, ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, మందుల గురించి తెలుసు, ఆసుపత్రి లోపల ఏ గది ఎక్కడో తెలుసు. మన గుణుపూర్‌లో ఇవన్నీ ఒక్కచోట ఉన్న మనిషి ఎంతమంది ఉంటారు చెప్పు. డబ్బు దగ్గర నువ్వు చిన్నవాడివే, ఈ విషయంలో మాత్రం చాలా ఉన్నవాడివి.

పాత ఖాతా గురించి ఎక్కువ చెప్పను. ఇవ్వగలిగినవాళ్ళు ఉంటారు, ఉద్యోగస్తులు, షాపులవాళ్ళు, వాళ్ళ పేర్లు వేరే కాగితం మీద తీసి మర్యాదగా అడుగు, విడతలుగా అయినా కట్టించుకో, అడగడం తప్పు కాదు. అరువు ఇచ్చి మూడేళ్ళు దాటితే చట్టప్రకారం కూడా కేసు వెయ్యడం కష్టం అవుతుంది, అందుకని ఈ మధ్యవి ముందు అడుగు. గొడుగు ముసలాయన లాంటి లైన్లు మాత్రం కొట్టేసెయ్. వచ్చిన డబ్బు వచ్చినట్టు గాజుల మీద కట్టు, స్టాకిస్టుకి కూడా కాదు, ముందు గాజులు ఇంటికి రావాలి.

ఇక బావ లోను. దీనికి నా జవాబు వద్దు అనే, మెత్తగా చెప్పడానికి కూడా ఏం లేదు. గ్యారంటీ సంతకం అంటే సాక్షి సంతకం కాదు తమ్ముడూ, చాలామంది అలాగే అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే బాధ్యత. బ్యాంకు ముందు బావని అడిగి, అతని మీద కేసు వేసి, అతని దగ్గర రాకపోతేనే నీ దగ్గరికి రావాలన్న రూలు లేదు, నేరుగా నీ దగ్గరికే రావొచ్చు. అతను కిస్తీలు తప్పితే నీ సిబిల్ రికార్డు, అంటే అప్పులు సరిగ్గా కట్టావా లేదా అని బ్యాంకులు చూసే చిట్టా, అది కూడా పాడవుతుంది, రేపు పాప చదువుకి ఎడ్యుకేషన్ లోను కావాలంటే అక్కడ అడ్డం వస్తుంది. నువ్వు కట్టిన డబ్బు బావ దగ్గర రాబట్టుకునే హక్కు చట్టం నీకిస్తుంది, నిజమే, కానీ మేనమామ కొడుకు మీద కోర్టుకి వెళ్తావా? వెళ్ళవు. పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకుని వెనకాల తిరిగినట్టు, వ్యాన్ అతను నడుపుతుంటే నెలనెలా అతని కిస్తీ కట్టాడా లేదా అని నువ్వు నిద్రలేకుండా తిరుగుతావ్. 7 లక్షలు నీ దగ్గర ఉండి, పోయినా పర్వాలేదు అనుకునే స్థితి ఉంటేనే ఆ సంతకం పెట్టాలి. గాజులు తాకట్టులో ఉన్న ఇంటికి ఆ స్థితి లేదు.

ఎలా చెప్పాలో కూడా అడిగావ్. మా ఆవిడ ఒప్పుకోలేదు అని మాత్రం చెప్పకు, చాలామంది మగవాళ్ళు చేసే పని అదే, కాదన్న నింద తీసుకెళ్ళి ఇంట్లో ఆడమనిషి మీద పెట్టేస్తారు, తర్వాత బంధువుల్లో ఆమె చెడ్డదైపోతుంది. నువ్వే చెప్పు. "బావా, నాకు బయట 1,86,000 ఆగిపోయి ఉంది, గాజులు తాకట్టులో ఉన్నాయి, నువ్వు ఒక్క నెల ఆలస్యం చేసినా కట్టే శక్తి నాకు లేదు, శక్తి లేకుండా సంతకం పెడితే అది నిన్నూ బ్యాంకునీ మోసం చేసినట్టే." ఇంతే చెప్పు, క్షమించమని పదిసార్లు అనకు, చూద్దాంలే అని అసలు అనకు. చూద్దాంలే అన్న మాట విని అతను బండికి అడ్వాన్సు కట్టేస్తే తర్వాత నువ్వు జారుకోలేవు.

వచ్చే వారం కాగితాలు పట్టుకొస్తాను అన్నాడని రాశావ్. అంతవరకు ఆగొద్దు, ఈ ఆదివారమే నువ్వే వాళ్ళింటికి వెళ్ళి చెప్పు, ముందే తెలిస్తే ఇంకో గ్యారంటర్‌ని చూసుకోవడానికో, డౌన్ పేమెంట్ పెంచుకుని పాత బండి తీసుకోవడానికో అతనికి టైము ఉంటుంది. కోపం వస్తుంది, రానీ, రెండు పండగలు మాట్లాడకపోవచ్చు. బండి వచ్చాక నీ షాపు సరుకు బరంపురం నుంచి అతని వ్యాన్‌లోనే తెప్పించుకుంటానని, కిరాయి ఏ ట్రిప్పుకి ఆ ట్రిప్పు చేతిలో పెడతానని కూడా అదే రోజు చెప్పిరా.